పెంపుడు జంతువులు చంపిన వన్యప్రాణులు: యజమాని చట్టబాధ్యత

ఇంట్లో పెంచుకునే కుక్క, పిల్లి లేదా మరే ప్రాణి అయినా అడవి జంతువునో పక్షినో చంపినప్పుడు, దాన్ని పెంచుతున్న మనిషి చట్టం ముందు ఎంతవరకు జవాబుదారీ అన్నది ఈ వ్యాస విషయం. పొరుగువారి కోడిని కుక్క చంపితే నష్టపోయిన మనిషి ఒకరుంటారు, పరిహారం అడుగుతారు. అడవిలో కుందేలును చంపితే అడిగేవారు ఉండరు. వన్యప్రాణి ఎవరి ఆస్తీ కాదన్న పాత న్యాయసూత్రం వల్ల ఈ ప్రశ్న చాలా దేశాల్లో శతాబ్దాల పాటు చట్టానికి పట్టనిదిగానే ఉండిపోయింది. ఇరవయ్యో శతాబ్దంలో వన్యప్రాణి రక్షణ చట్టాలు వచ్చాక పరిస్థితి కొంత మారింది. అయితే అవి కూడా ఎక్కువగా వేటగాణ్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే. గేటు తీసి ఉంచిన యజమాని గురించి మాట్లాడే చట్టాలు ఇప్పటికీ తక్కువ.

నిర్వచనం, పరిధి

చట్టం దృష్టిలో ఇక్కడ నాలుగు వేర్వేరు సందర్భాలున్నాయి. యజమాని తన కుక్కను ఉసిగొల్పి వేటాడించడం మొదటిది. ఇక్కడ కుక్క వేట సాధనం, యజమాని వేటగాడు. యజమాని ప్రమేయం లేకుండా, అదుపు తప్పిన కుక్క తనంతట తాను వన్యప్రాణిని చంపడం రెండోది. స్వేచ్ఛగా తిరగడమే అలవాటైన పిల్లి రోజువారీగా పిట్టలను, తొండలను పట్టడం మూడోది. ఇందులో ప్రత్యేకించి ఒక ఘటన అంటూ ఉండదు, నష్టం మాత్రం నిరంతరంగా జరుగుతుంది. పెంచలేక వదిలేసిన జంతువు అడవి పాలై స్థానిక జీవజాతులను తినేయడం నాలుగోది. మొదటి సందర్భంలో దాదాపు అన్ని దేశాల చట్టాలూ స్పష్టంగానే ఉన్నాయి. వివాదమంతా మిగిలిన మూడింటి గురించే.

నల్లమలలోనూ ఇతర అడవుల్లోనూ గుంపులుగా వేటాడే రేచుకుక్క స్వయంగా రక్షిత వన్యప్రాణి. పేరులో కుక్క ఉన్నా అది ఈ వ్యాస పరిధిలోకి రాదు. యజమాని లేని వీధికుక్కలు కూడా సూటిగా ఈ పరిధిలోకి రావు. కానీ భారతదేశంలో పెంపుడు కుక్కకూ వీధికుక్కకూ మధ్య గీత గీయడం కష్టం కాబట్టి వాటి ప్రస్తావన తప్పదు (చూడండి: ఎవరు యజమాని).

చరిత్ర

పెంపుడు జంతువు చేసిన నష్టానికి యజమానిని బాధ్యుణ్ని చేసిన పాత చట్టాల్లో రోమన్లది ప్రముఖమైనది. పన్నెండు పట్టికల కాలం నుంచీ, నాలుగు కాళ్ల జంతువు నష్టం చేస్తే యజమాని పరిహారం కట్టాలి, లేదా ఆ జంతువునే బాధితుడికి అప్పగించాలి. జంతువు తన సహజ స్వభావానికి విరుద్ధంగా ప్రవర్తించినప్పుడే ఈ దావా చెల్లుతుందని తర్వాతి న్యాయవేత్తలు వివరించారు. వన్యప్రాణి విషయానికి వస్తే, పట్టుకునేదాకా అది ఎవరిదీ కాదన్నది రోమన్ సూత్రం. ఈ రెండు భావనలూ కలిసి ఐరోపా న్యాయశాస్త్రంలో రెండు వేల ఏళ్లు నిలిచాయి. కుక్క జింకను తరమడం దాని స్వభావమే, ఆ జింక ఎవరి సొత్తూ కాదు కాబట్టి దావా వేసేవారే లేకుండా పోయారు.

భారతదేశంలో అశోకుడి అయిదో స్తంభ శాసనం చంపరాని జంతువుల జాబితా ఇస్తూ, ఒక ప్రాణికి మరో ప్రాణిని ఆహారంగా పెట్టడాన్నీ నిషేధించింది. పెంచే మనిషిని ఉద్దేశించి, అతని చేతిలోని జంతువు మరో ప్రాణిని తినే విషయంలో చేసిన ఆజ్ఞగా దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

కుక్కల యజమానులపై వన్యప్రాణుల కోసం నేరుగా భారం మోపిన తొలి వ్యవస్థల్లో మధ్యయుగపు ఇంగ్లండ్ అటవీ చట్టం ఒకటి. రాజు వేటాడుకునే జింకలను గ్రామస్థుల కుక్కలు తరమకుండా, వాటి ముందుకాలి మూడు గోళ్లను కోసేయాలని నియమం ఉండేది. 1184 నాటి వుడ్‌స్టాక్ శాసనంలో ఈ నియమం ఉంది. 1217 నాటి అటవీ చార్టర్ దాన్ని కొంత సడలించింది. తనిఖీ మూడేళ్లకు ఒకసారి జరగాలని, గోళ్లు తీయని కుక్క దొరికితే యజమాని మూడు షిల్లింగులు కట్టాలని నిర్ణయించింది. రక్షణ జింక కోసం కాదు, రాజు వినోదం కోసం. భారమంతా పేద రైతు మీద, నొప్పి కుక్క మీద పడింది. అయినా, ఘటన జరగకముందే యజమాని జాగ్రత్త తీసుకోవాలన్న భావన చట్టంలోకి ఈ దారిలోనే వచ్చింది.

1805లో న్యూయార్క్ రాష్ట్ర న్యాయస్థానం ఇచ్చిన పియర్సన్–పోస్ట్ తీర్పు వన్యప్రాణి యాజమాన్యంపై నేటికీ పాఠ్యాంశం. పోస్ట్ తన వేటకుక్కలతో ఒక నక్కను తరుముతుండగా పియర్సన్ మధ్యలో దాన్ని చంపి తీసుకుపోయాడు. తరిమినంత మాత్రాన నక్క పోస్ట్‌ది కాదని న్యాయస్థానం చెప్పింది. పట్టుబడే క్షణం దాకా వన్యప్రాణి ఎవరిదీ కాదన్న సూత్రం దీంతో అమెరికాలో స్థిరపడింది.

పిల్లుల విషయంలో 1926 నాటి బకుల్–హోమ్స్ కేసు ముఖ్యమైనది. ఇంగ్లండులో ఒకరి పిల్లి పొరుగింటికి వెళ్లి పావురాలను, కోళ్లను చంపింది. పిల్లి తన జాతి స్వభావం ప్రకారమే నడుచుకుంది కాబట్టి యజమాని బాధ్యుడు కాడని అప్పీలు కోర్టు తేల్చింది. పెంచుకున్న పక్షుల విషయంలోనే తీర్పు ఇలా వచ్చినప్పుడు, అడవి పిట్ట విషయం వేరే చెప్పనక్కర్లేదు.

1949లో అమెరికాలోని ఇల్లినాయ్ శాసనసభ పక్షులను కాపాడేందుకు పిల్లులను కట్టడి చేసే బిల్లును ఆమోదించింది. గవర్నర్ ఆడ్లై స్టీవెన్సన్ దాన్ని వీటో చేశాడు. తిరగడం పిల్లి స్వభావమనీ, పిల్లికీ పిట్టకూ మధ్య తగాదాను ప్రభుత్వం తీర్చబోతే రేపు కుక్కకూ పిల్లికీ, పిట్టకూ పురుగుకూ మధ్య కూడా తీర్చాల్సి వస్తుందనీ ఆయన వాదన. ఆ వీటో సందేశం చమత్కారానికి ప్రసిద్ధి పొందింది. పిల్లిని తెచ్చి ఆ ప్రదేశంలో పెట్టింది మనిషే అన్న విషయానికి మాత్రం అందులో జవాబు లేదు.

బాధ్యతకు ఆధారాలు

ఉద్దేశం, నిర్లక్ష్యం, కఠిన బాధ్యత అనే మూడు మెట్లలో చట్టాలు ఈ సమస్యను చూస్తాయి. ఉద్దేశం ఆధారమైతే, యజమాని చంపించాలనుకున్నాడని ప్రభుత్వం రుజువు చేయాలి. నిర్లక్ష్యం ఆధారమైతే, ప్రమాదం ముందే తెలిసి కూడా తగిన జాగ్రత్త తీసుకోలేదని చూపితే చాలు. కఠిన బాధ్యతలో మనసులో ఏముందన్నది పక్కకు పోతుంది. కుక్క చంపిందా, ఆ కుక్క నీదేనా అన్నవే ప్రశ్నలు.

పాత ఇంగ్లిష్ న్యాయంలో జంతువులను క్రూర స్వభావం గలవి, సాధు స్వభావం గలవి అని విడదీసేవారు. పులి, ఎలుగుబంటి లాంటి మొదటి రకాన్ని పెంచితే నష్టానికి బాధ్యత దానంతటదే వస్తుంది. కుక్క, పిల్లి రెండో రకం. వాటిలో ప్రత్యేకమైన దుర్గుణం ఉందని యజమానికి ముందే తెలిసి ఉంటేనే బాధ్యత వస్తుంది. ఈ విభజన మనుషులకు, పశువులకు కలిగే అపాయాన్ని కొలవడానికి పుట్టింది. గూట్లోని పిట్టకు సాధు పిల్లి కూడా పులితో సమానమేనన్న సంగతి దాని లెక్కలో లేదు.

భారతదేశం

ప్రధాన చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 2022లో చేసిన సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అప్పటినుంచి షెడ్యూళ్లు నాలుగే. రక్షిత జంతువులు మొదటి రెండింటిలో ఉన్నాయి. కృష్ణజింక, నెమలి, ఉడుము, బట్టమేక పిట్ట మొదటి షెడ్యూలులోవి. సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది.

వేట అంటే ఏమిటో సెక్షన్ 2(16) విస్తారంగా చెబుతుంది. చంపడం, విషం పెట్టడం, పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, గాయపరచడం, పక్షుల గూళ్లను, గుడ్లను పాడుచేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. కుక్కలతో వెంటాడి పట్టే పద్ధతి కూడా ఈ జాబితాలో విడిగా ఉంది. కాబట్టి పొలాల్లో వేటకుక్కలను వదిలి ఉడుములను, కుందేళ్లను, అడవి పందులను పట్టించేవారు తుపాకీ పట్టకపోయినా నేరస్థులే. జంతువు తప్పించుకుపోయినా నేరం పోదు.

సెక్షన్ 51 ప్రకారం మామూలు ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మొదటి షెడ్యూలు జంతువు విషయంలోనో, అభయారణ్యంలో లేదా జాతీయ వనంలో వేట విషయంలోనో అయితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. నేరానికి వాడిన వాహనం, ఆయుధం, ఉచ్చు, పనిముట్టు ప్రభుత్వపరం కావచ్చు. ఆ వరసలో కుక్క పేరు విడిగా లేదు.

అసలు చిక్కు రెండో సందర్భంలో వస్తుంది. యజమాని ఇంట్లో నిద్రపోతుండగా కుక్క గోడ దూకి జింకపిల్లను చంపింది. సెక్షన్ 9 నిషేధించేది మనిషి చేసే వేటను. కుక్క చేసిన పనిని యజమాని వేటగా చదవాలంటే ఉసిగొల్పినట్టో, తెలిసి వదిలినట్టో ఆధారం కావాలి. చట్టం స్పష్టంగానో, తప్పనిసరి అంతరార్థంగానో తొలగిస్తే తప్ప నేరానికి దోషపూరిత మనసు అవసరమని సుప్రీంకోర్టు 1965 నాటి నాథూలాల్ కేసులో చెప్పింది. ఈ నేపథ్యంలో కేవలం అజాగ్రత్తను వేటగా నిరూపించడం కష్టం. భారత చట్టానికి కుక్కతో వచ్చిన వేటగాడు బాగా తెలుసు, కుక్కను వదిలేసిన యజమాని దాదాపు తెలియదు. ఈ వ్యాసంలోని దేశాల పోలికలో భారతదేశానికి సంబంధించి గుర్తుంచుకోవలసిన ప్రధాన విషయం ఇదే.

మిగతా చట్టాలు ఈ ఖాళీని పూడ్చవు. జంతువు విషయంలో నిర్లక్ష్యాన్ని శిక్షించే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291, పాత శిక్షాస్మృతిలో 289, మనిషి ప్రాణానికీ, తీవ్ర గాయానికీ ఉన్న ముప్పునే పట్టించుకుంటుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ఏ ప్రాణి అయినా అనే అర్థం ఉంది. వినోదం కోసం ఒక జంతువును మరో జంతువు మీదికి ఉసిగొల్పడం సెక్షన్ 11 కింద నేరం. కానీ అందులోనూ ఉద్దేశం ఉండాలి. పైగా తొలి నేరానికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకే. అరవై ఏళ్ల నాటి ఆ అంకెలు ఇప్పుడు ఎవరినీ ఆపలేవు.

సంప్రదాయ వేట ప్రశ్న వేరు. నల్లమల చెంచులు కుక్కలను వెంటబెట్టుకుని అడవికి వెళ్లడం పాత జీవనరీతి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తులపైనా, ఇతర ఆచార హక్కులపైనా గుర్తింపు ఇచ్చింది. వేటాడే, ఉచ్చు పన్నే హక్కును మాత్రం ఆ జాబితా నుంచి స్పష్టంగా మినహాయించింది. తేనెకు వెళ్లే మనిషి వెంట రక్షణగా నడిచే కుక్కకూ, వేటకు తీసుకెళ్లే కుక్కకూ తేడా కాగితం మీద సులువే కానీ అడవిలో చెప్పడం కష్టం. ఈ తేడాను గుర్తించకుండా పెట్టే కేసు అన్యాయానికి దారి తీస్తుంది.

పెంచేవారికి ఇంకో నియమం కూడా తెలిసి ఉండాలి. తనను గానీ మరో మనిషిని గానీ కాపాడుకోవడానికి సద్భావంతో వన్యప్రాణిని చంపితే సెక్షన్ 11(2) మినహాయింపు ఇస్తుంది. పెంపుడు కుక్కను కాపాడుకోవడానికి చిరుతను చంపితే ఆ మినహాయింపు వర్తించదు.

*క్షేత్రస్థాయి స్థితి.* 2018లో ప్రచురితమైన ఒక దేశవ్యాప్త అధ్యయనం సర్వే జవాబులనూ పత్రికా వార్తలనూ కలిపి చూసి, కుక్కలు 80 జాతుల జంతువులపై దాడి చేసినట్టు నమోదు చేసింది. వాటిలో 31 జాతులు ప్రపంచ స్థాయిలో ముప్పులో ఉన్నవి. రాజస్థాన్‌లో బట్టమేక పిట్ట, చింకారా, స్పితి, లద్దాఖ్ ఎత్తు ప్రాంతాల్లో అక్కడి వన్యమృగాలు ఈ ఒత్తిడిని ఎదుర్కొంటున్నాయి. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసమే 1988లో ఏర్పడింది. నేల మీద గుడ్డు పెట్టే ఇలాంటి పక్షికి గడ్డిమైదానంలో తిరిగే ప్రతి కుక్కా ప్రమాదమే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చుక్కల జింకలపై కుక్కల దాడులు పలుమార్లు వార్తలకెక్కాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు జింకే.

*వ్యాధుల దారి.* పంటితోనే కాక వ్యాధితోనూ కుక్క చంపుతుంది. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో కుక్కల డిస్టెంపర్ వైరస్ దాదాపు వెయ్యి సింహాలను, అంటే అక్కడి సంఖ్యలో మూడో వంతును, బలి తీసుకుంది. గుజరాత్‌లోని గిర్‌లో 2018లో ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు కూడా అదే వైరస్ బయటపడింది. భారత చట్టంలో సెక్షన్ 33ఎ అభయారణ్యం లోపల, దాని చుట్టూ అయిదు కిలోమీటర్లలో ఉన్న పశువులకు టీకాలు వేయించే బాధ్యతను అధికారులపై పెట్టింది. పశువు అన్న నిర్వచనంలో గేదెలు, ఎద్దులు, ఒంటెలు, ఆవులు, గాడిదలు, మేకలు, గొర్రెలు, గుర్రాలు, జడల బర్రెలు, పందులు, బాతులు, కోళ్లు ఉన్నాయి. కుక్క లేదు. వైరస్‌ను అడవికి మోసే అవకాశం ఎక్కువగా ఉన్న జంతువే ఆ జాబితా నుంచి తప్పిపోవడం పెద్ద లోటు.

న్యూజిలాండ్

ఈ విషయంలో అత్యంత స్పష్టమైన చట్టం న్యూజిలాండ్‌ది. దాని వెనక ఒక సంఘటన తరచూ చెబుతారు. 1987లో దేశపు ఉత్తర భాగంలోని వైటంగి అడవిలో ఒకే ఒక్క జర్మన్ షెపర్డ్ ఆడకుక్క కొన్ని వారాల పాటు స్వేచ్ఛగా తిరిగింది. అక్కడ పరిశోధకులు రేడియో పరికరాలు కట్టిన 24 కివీ పక్షుల్లో 13 చనిపోయాయి. దాన్నిబట్టి, సుమారు 900 పక్షులున్న ఆ అడవిలో 500 దాకా ఆ కుక్క చంపి ఉంటుందని అంచనా వేశారు. కివీకి ఎగరడం రాదు, ఒంటి వాసన ఎక్కువ, ఛాతీ ఎముకలు బలహీనం. కుక్క ఆటగా నోట కరిచినా చనిపోతుంది. కాబట్టి అక్కడ కుక్క మంచిదా చెడ్డదా అన్న చర్చకు అర్థం లేదు.

1996 నాటి కుక్కల నియంత్రణ చట్టం సెక్షన్ 57 ప్రకారం కుక్క మనిషిపైనో, జంతువుపైనో దాడి చేస్తే యజమాని 3,000 డాలర్ల వరకు జరిమానాకు గురవుతాడు. సెక్షన్ 58 ఇంకా ముందుకు వెళ్తుంది. కుక్క దాడిలో రక్షిత వన్యప్రాణి చనిపోయినా, బాధ నుంచి విముక్తి కోసం దాన్ని చంపాల్సినంత గాయమైనా, యజమానికి మూడేళ్ల వరకు జైలు, 20,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. పరిస్థితులు అసాధారణమైతే తప్ప కుక్కను చంపాలని కోర్టు ఆదేశించాలి. చంపించాలన్న ఉద్దేశం యజమానికి ఉందా అని సెక్షన్ అడగదు. వన్యప్రాణి మరణాన్ని మనిషికి కలిగిన తీవ్ర గాయంతో ఒకే సెక్షన్‌లో, ఒకే శిక్షతో చేర్చడం ఈ చట్టం ప్రత్యేకత.

దీనితోపాటు, సంరక్షణ శాఖ భూముల్లో కుక్కలను ఎక్కడికి తీసుకెళ్లవచ్చో, ఎక్కడికి అనుమతి కావాలో ప్రాంతాలవారీగా విభజించారు. కివీలున్న చోట్లకు వెళ్లే కుక్కలకు ఆ పక్షి వాసన తగిలితే దూరంగా పోయేలా శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణ పొందినంత మాత్రాన యజమానికి శిక్ష నుంచి మినహాయింపు రాదు.

పిల్లుల విషయంలో ఇంత గట్టి నియమం లేదు. స్టీఫెన్స్ దీవిలోని ఎగరలేని చిన్న రెన్ పిట్ట 1890 దశకంలో అంతరించిన కథ ఇక్కడిదే. దీపస్తంభం కాపలాదారు పెంపుడు పిల్లి ఒక్కటే ఆ జాతిని తుడిచిపెట్టిందని చాలాకాలం చెప్పుకున్నారు. ఒకటి కాదు, దీవిలో పెరిగిన పలు పిల్లులు కారణమని తర్వాతి పరిశోధన చెప్పింది.

ఆస్ట్రేలియా

ఇక్కడ దారి వేరు. ఘటన జరిగాక యజమానిని శిక్షించడం కన్నా ముందే పిల్లిని ఇంటికి పరిమితం చేయడంపై దృష్టి పెట్టారు. తిరిగి వేటాడే ఒక్కో పెంపుడు పిల్లి ఏటా సగటున 186 జంతువులను చంపుతుందని 2020 నాటి లెక్క. రాజధాని కాన్‌బెరా ఉన్న భూభాగంలో 2022 జులై 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లులన్నిటినీ యజమాని ఆవరణలోనే ఉంచాలి. విక్టోరియా రాష్ట్రంలో స్థానిక సంస్థలు రాత్రిపూటో, రోజంతానో పిల్లుల కర్ఫ్యూ పెట్టవచ్చు. ఇలాంటి చట్టంలో ఏ పిట్ట చచ్చిందో రుజువు చేయాల్సిన పని లేదు. పిల్లి బయట కనిపిస్తే చాలు, అదే ఉల్లంఘన. అమలు చేసే అధికారి వైపు నుంచి చూస్తే ఇదే తేలికైన పద్ధతి.

టాస్మేనియా తీరంలో కుక్కలు చిన్న పెంగ్విన్లను పెద్ద సంఖ్యలో చంపిన ఘటనల తర్వాత అక్కడి కుక్కల నియంత్రణ చట్టాన్ని 2019లో సవరించి, సున్నితమైన వన్యప్రాణులకు హాని జరిగితే యజమానికి పడే శిక్షను పెంచారు.

బ్రిటన్

1971 నాటి జంతువుల చట్టం కుక్క పశువులను చంపితే యజమానిపై కఠిన బాధ్యత పెడుతుంది. పశువుల నిర్వచనంలో పెంపకంలో ఉన్నంతవరకు ఫెజెంట్, పార్ట్రిడ్జ్, గ్రౌజ్ పక్షులూ ఉన్నాయి. అవే పక్షులు స్వేచ్ఛగా తిరిగేటప్పుడు ఈ చట్టం రక్షణ పోతుంది. ఒకే పక్షికి కంచె లోపల ఒక విలువ, కంచె బయట మరో విలువ కట్టే ఈ పద్ధతి ఆస్తి ఆధారిత ఆలోచనకు సూటి ఉదాహరణ. 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంత చట్టం అడవి పక్షిని ఉద్దేశపూర్వకంగా చంపడాన్ని నేరం చేసింది. తిరిగే పిల్లి యజమాని దాని కిందికి రాడు.

కుక్కలతో వేట విషయంలో మాత్రం 2004 నాటి వేట చట్టం 2005 ఫిబ్రవరి 18 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో అడవి క్షీరదాలను కుక్కలతో వేటాడటాన్ని నిషేధించింది. తన కుక్కను అలాంటి వేటకు వాడనిచ్చిన యజమాని, తన భూమిలో వేటాడనిచ్చిన భూస్వామి కూడా నేరస్థులే. ఎలుకలకు, కుందేళ్లలో రాబిట్ రకానికి మినహాయింపు ఉంది. స్కాట్లాండ్ 2002లోనే చట్టం చేసి, 2023లో దాని స్థానంలో మరింత గట్టిది తెచ్చింది. 2000 నాటి గ్రామీణ ప్రవేశ హక్కుల చట్టం ప్రకారం, ప్రజలకు తెరిచిన బయలు భూముల్లో మార్చి 1 నుంచి జులై 31 వరకు కుక్కను రెండు మీటర్లకు మించని గొలుసుతో నడిపించాలి. నేల మీద గూళ్లు పెట్టే పక్షుల కాలాన్నిబట్టి పెట్టిన తేదీలివి.

అమెరికా

సమాఖ్య స్థాయిలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం, 1973 నాటి అంతరించే జాతుల చట్టం ప్రధానమైనవి. మొదటిదాని కింద చిన్నతరహా నేరానికి ఉద్దేశం రుజువు చేయనక్కర్లేదు. ఆరు నెలల జైలు, 15,000 డాలర్ల వరకు జరిమానా ఉంటాయి. పిల్లిని బయట వదలడం దీని ఉల్లంఘన అవుతుందని కొందరు న్యాయపండితులు వాదించినా మామూలు యజమానులపై ఆచరణలో దాన్ని ప్రయోగించరు. రెండో చట్టం కింద 2016లో అమెరికన్ బర్డ్ కన్సర్వెన్సీ న్యూయార్క్ రాష్ట్ర ఉద్యానవనాల శాఖపై దావా వేసింది. జోన్స్ బీచ్‌లో పోషిస్తున్న పిల్లుల గుంపు వల్ల పైపింగ్ ప్లోవర్ పిట్టలకు ముప్పుందన్నది ఫిర్యాదు. పిల్లులను తరలించే ఒప్పందంతో 2018లో అది పరిష్కారమైంది. ఇక్కడ బాధ్యత మోసింది పెంపకందారు కాదు, స్థలానికి బాధ్యురాలైన ప్రభుత్వ సంస్థ.

రాష్ట్రాల చట్టాలు మరింత సూటిగా ఉంటాయి. జింకలను, దుప్పులను కుక్క తరిమితే యజమానిని శిక్షించే నియమాలు మెయిన్ లాంటి రాష్ట్రాల్లో ఉన్నాయి. న్యూయార్క్‌లో రక్షిత పక్షిని వేటాడుతున్న పిల్లిని అధికారులు అక్కడికక్కడే చంపే వీలు చట్టంలో ఉంది. 2013 నాటి ఒక అంచనా ప్రకారం అమెరికాలో స్వేచ్ఛగా తిరిగే పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయి. ఇందులో ఎక్కువ భాగం యజమాని లేని పిల్లులదే. అంటే యజమాని బాధ్యత చట్టాలు ఎంత గట్టిగా ఉన్నా నష్టంలో ఒక భాగాన్నే తాకగలవు.

వదిలేసిన పెంపుడు జంతువులకు ఫ్లోరిడాలోని బర్మీస్ కొండచిలువలే పెద్ద ఉదాహరణ. పెంపకం నుంచి బయటపడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో స్థిరపడ్డ ఈ పాముల వల్ల రకూన్లు కనిపించడం 99 శాతం దాకా తగ్గిందని 2012లో ఒక పరిశోధన నమోదు చేసింది. అదే ఏడాది సమాఖ్య ప్రభుత్వం వాటి దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను నిషేధించింది. ఏ పాము ఎవరిదో తేల్చలేని దశలో వ్యక్తిగత బాధ్యత పనిచేయదు. అమ్మకం దగ్గరే ఆపాలి. విదేశీ పెంపుడు జంతువుల నమోదు కోసం భారత ప్రభుత్వం 2024లో తెచ్చిన నియమాలు కూడా ఈ దిశలోనివే.

ఐరోపా

జర్మనీ పౌర స్మృతి సెక్షన్ 833 జంతువు చేసిన నష్టానికి పెంచేవారిని బాధ్యులను చేస్తుంది. కానీ అది మనిషికీ ఆస్తికీ కలిగిన నష్టానికే. వన్యప్రాణుల విషయంలో స్థానిక ఆదేశాలే ఎక్కువ పనిచేస్తాయి. నైరుతి జర్మనీలోని వాల్డార్ఫ్ పట్టణ పరిసరాల్లో 2022లో అధికారులు వసంతం నుంచి ఆగస్టు చివరి దాకా పిల్లులను ఇంట్లోనే ఉంచాలని ఆదేశించారు. నేల మీద గూడు కట్టే క్రెస్టెడ్ లార్క్ అనే భరతపక్షి జాతిని కాపాడటానికి ఆ చర్య తీసుకున్నారు. పిల్లి బయట తిరిగితే 500 యూరోలు, దాని వల్ల ఆ పక్షికి హాని జరిగితే 50,000 యూరోల వరకు జరిమానా అని ప్రకటించారు.

ఐరోపా సమాఖ్య పక్షుల ఆదేశాన్ని, ఆవాసాల ఆదేశాన్ని అక్షరాలా చదివితే పిల్లులను స్వేచ్ఛగా తిరగనివ్వడం చట్టవిరుద్ధమేనని నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయ న్యాయ పరిశోధకులు ఆరీ ట్రౌబోర్స్ట్, హాన్ సోమ్సెన్ వాదించారు. అలాంటి నిషేధం తమ ఆలోచనలో లేదని ఐరోపా కమిషన్ చెప్పింది. చట్టంలోని మాటలకూ ప్రజల అలవాటుకూ మధ్య దూరం ఎంతో ఈ వివాదం చూపుతుంది.

రుజువు

చట్టం ఉన్నా కేసు నిలవాలంటే మూడు విషయాలు తేలాలి: చనిపోయింది రక్షిత జాతి అని, చంపింది కుక్క లేదా పిల్లి అని, అది ఫలానా మనిషిదని. మొదటిదానికి డీఎన్‌ఏ పరీక్ష ఉంది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల మాంసం ముక్క, వెంట్రుక లాంటి నమూనాల నుంచి జాతిని గుర్తించి కోర్టులకు నివేదికలిస్తుంది. రెండోదానికి పంటి గాట్లు, గాయాల చుట్టూ ఉండే లాలాజలం ఆధారం. కళేబరం పాతబడే కొద్దీ ఈ ఆధారం చెడిపోతుంది. కుక్క చంపిందో, చచ్చిపడ్డదాన్ని తర్వాత తిన్నదో తేల్చడం అనుభవమున్న పశువైద్యుడికీ కష్టమే. మూడోదానికి మైక్రోచిప్, మున్సిపల్ నమోదు, కెమెరా ట్రాప్ చిత్రాలు కావాలి. పల్లెల్లో ఇవేవీ ఉండవు. అందుకే నేరం రుజువు కావడం కంటే ఉల్లంఘన రుజువు కావడం తేలికగా ఉండే పద్ధతివైపు, అంటే గొలుసు, ఆవరణ, కర్ఫ్యూ నియమాలవైపు చట్టకర్తలు మొగ్గుతున్నారు.

తగిన జాగ్రత్త

నిర్లక్ష్యం ఆధారంగా తీర్పు చెప్పాలంటే, మామూలు వివేకం గల యజమాని ఏం చేసి ఉండాలో ఒక కొలత కావాలి. పరిశోధనలు ఇప్పుడు ఆ కొలతను ఇవ్వగలుగుతున్నాయి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసం ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ అయిదు నుంచి పది నిమిషాలు ఆడించినప్పుడు 25 శాతం తగ్గింది. పక్షుల కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల మెడపట్టీలు పక్షుల మరణాలను తగ్గిస్తాయి, ఎలుకలపై వాటి ప్రభావం ఉండదు. ఇంత చవకైన మార్గాలున్నప్పుడు, పిల్లి స్వభావమే అంత అన్న 1926 నాటి వాదన నిలవడం రానురానూ కష్టమవుతుంది.

కుక్కల విషయంలో ప్రధానమైనవి గొలుసు, కంచె, టీకా, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స. ఇవి లేకుండా అభయారణ్యం అంచున కుక్కను పెంచడాన్ని నిర్లక్ష్యంగా పరిగణించే నియమం భారతదేశంలో రావడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, వన్యప్రాణి చట్టానికి ఒక సవరణ చాలు.

ఎవరు యజమాని

న్యూజిలాండ్ చట్టంలో యజమాని అంటే కొన్నవారే కాదు, కుక్క ఎవరి ఆధీనంలో ఉంటే వారు కూడా. పదహారేళ్ల లోపు పిల్లల కుక్కకు, వారు తల్లిదండ్రుల దగ్గర ఉంటే, తల్లిదండ్రులు బాధ్యులు. భారతదేశంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువులను, సమాజ జంతువులను వేరుగా చూస్తాయి. వీధికుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని చెబుతాయి. నగర వీధికి తగినదిగా రూపొందిన ఈ పద్ధతి అడవి అంచు గ్రామంలో ఏ ఫలితమిస్తుందన్నది వన్యప్రాణి సంరక్షకులకూ జంతు సంక్షేమ వర్గాలకూ మధ్య తీవ్ర వివాదంగా ఉంది.

వాస్తవంలో పల్లె కుక్కల్లో ఎక్కువ భాగం ఈ రెండు వర్గాల్లో దేనికీ పూర్తిగా చెందవు. ఒక ఇంట్లో అన్నం తింటుంది, మరో ఇంటి అరుగు మీద పడుకుంటుంది, గొర్రెల మంద వెంట బయలుకు పోతుంది, ఎవరి పేరునా నమోదై ఉండదు. అన్నం పెట్టిన ప్రతివారినీ యజమానిగా చూస్తే దయకు శిక్ష పడుతుంది, ఎవరినీ చూడకపోతే ఉడుముకూ జింకకూ దిక్కుండదు. నగరాల్లో మున్సిపల్ చట్టాల కింద కుక్కల నమోదు ఉంది. రక్షిత ప్రాంతాల చుట్టుపక్కల గ్రామాల్లో పంచాయతీ స్థాయిలో అలాంటి నమోదును, ఉచిత టీకాలను, ఆపరేషన్లను కలిపి అమలు చేస్తే తప్ప అక్కడ యజమాని బాధ్యత గురించి పెట్టే ఏ సెక్షనూ ఆచరణలోకి రాదు.